షాబాద్ బండ, తాండూరు పప్పు, షాంపేన్ సీసా

మా ఇంట్లో కందిపప్పు అంటే తాండూరు పప్పే. అమ్మ పుట్టిల్లు తాండూరు పక్కన యాలాల వైపు కాబట్టి ఈ విషయంలో అప్పీలు లేదు. సంక్రాంతి వెళ్ళాక మామ పంపే పప్పు దసరా దాకా వస్తుంది. కష్టాలన్నీ ఆ తర్వాతే.

రెండేళ్ళ క్రితం అలాంటి కష్టకాలంలోనే, ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఓ దుకాణంలో ఆగాను. ఓ బస్తాకి 'తాండూరు కందిపప్పు' అని రాసిన అట్టముక్క గుచ్చి ఉంది. రెండు కిలోలు తెచ్చాను. ఆరు విజిల్స్ వచ్చాయి, పప్పు మాత్రం పలుకు పలుకుగానే ఉంది. అమ్మ నన్నేమీ అనలేదు. కంచంలో చారు పోసి ఊరుకుంది. అదే పెద్ద తిట్టు.

మర్నాడు వెళ్ళి దుకాణం ఆయన్ని అడిగాను. ఆయన ఏమాత్రం తొణక్కుండా "సార్, తాండూరు అంటే ఊరు కాదు సార్, క్వాలిటీ. ఫస్టు రకాన్ని తాండూరు అంటాం" అన్నాడు.

నిజానికి నాకు కోపం రావాలి. కానీ ఆ జవాబు ఎక్కడో విన్నట్టు అనిపించింది. అంతకు కొద్దిరోజుల ముందే అమెరికా నుంచి వచ్చిన మిత్రుడొకడు తెచ్చిన సీసా మీద 'కాలిఫోర్నియా షాంపేన్' అని ఉంది. ఇదేంట్రా, షాంపేన్ ఫ్రాన్సులో కదా అంటే వాడు కూడా ఇదే అన్నాడు. "షాంపేన్ అంటే ఊరు కాదురా, టైపు."

(మన వైపు 'వైన్స్' అని బోర్డున్న షాపులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి కాబట్టి, ఈ విషయంలో నా పరిజ్ఞానం అంతా చదివిందే తప్ప తాగింది కాదని మనవి.)

షాంపేన్ అనేది ఫ్రాన్సులో ఓ ప్రాంతం. అక్కడ పండిన ద్రాక్షతో, సీసాలోనే రెండోసారి పులియబెట్టి తీసే బుడగల వైన్‌కి ఆ పేరు. పేరు మోగాక ఊరుకుంటారా? స్పెయిన్‌లో చేసిన బుడగల వైన్‌ని ఇంగ్లండులో 'స్పానిష్ షాంపేన్' అని అమ్మితే, ఫ్రెంచివాళ్ళు లండన్ కోర్టుకెళ్ళి 1960లో ఆపించారు. అమెరికాలో మాత్రం ఆపలేకపోయారు. 2006లో అమెరికాకీ యూరోపియన్ యూనియన్‌కీ ఒప్పందం కుదిరింది. అప్పటికే ఆ పేరు వాడుతున్నవాళ్ళు ముందు తమ ప్రాంతం పేరు తగిలించి వాడుకోవచ్చు, కొత్తగా ఎవరూ మొదలుపెట్టకూడదు అని. మన భాషలో చెప్పాలంటే లెగసీ కోడుకి బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ ఇచ్చారన్నమాట.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. మహారాష్ట్రలో నారాయణగావ్ దగ్గర 1980లలో ఓ వైన్ కంపెనీ లేచింది. పేరు షాతో ఇండేజ్. షాతో అంటే ఫ్రెంచిలో కోట. దేశంలో అమ్మిన సీసా మీద ఫ్రెంచి రాజుగారి ప్రియురాలి పేరు, 'మార్కీజ్ ద పాంపడూర్'. ఎగుమతి సీసా మీదేమో పర్షియా కవి ఒమర్ ఖయ్యాం. నారాయణగావ్ పేరు చెబితే కొనేవాడు భయపడతాడనుకున్నారు కాబోలు. దానికి భిన్నంగా నాసిక్‌లో సూలా స్థాపకుడు వాళ్ళమ్మ సులభ గారి పేరులోంచి రెండక్షరాలు తీసి సీసా మీద పెట్టాడు. ఎవరి పేరూ అరువు తెచ్చుకోకపోయినా ఇవాళ దేశంలో వైన్ అనగానే ముందు ఆ పేరే వినిపిస్తుంది.

బెంగుళూరు ఖోడేవాళ్ళ 'పీటర్ స్కాట్' విస్కీ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1968లో మార్కెట్లోకి వచ్చింది. 'స్కాట్' అని పేరు పెట్టి స్కాచ్ అని భ్రమ కలిగిస్తున్నారని స్కాచ్ విస్కీ అసోసియేషన్ కేసు వేసింది. అబ్బే, దీన్ని తయారుచేసిన మా ఉద్యోగి పేరు పీటర్, ఆయన తండ్రి స్కాట్‌లాండు మనిషి, అదీ సంగతి అన్నారు వీళ్ళు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2008లో ఖోడేవాళ్ళే గెలిచారు. ఏళ్ళ తరబడి తెలిసీ ఊరుకుని ఇప్పుడొచ్చి అడిగితే ఎలా అంది కోర్టు. పైగా అంత ఖరీదు పెట్టి కొనేవాళ్ళు చదువుకున్నవాళ్ళు, స్కాచ్ ఏదో కానిదేదో వాళ్ళకి తెలుసు అని కూడా అంది. మద్యం కొనేవాడి తెలివితేటల మీద అత్యున్నత న్యాయస్థానానికి ఉన్న నమ్మకం, పప్పు కొన్న నా మీద మా అమ్మకి లేదు.

సరే, సీసాలు పక్కన పెట్టి తాండూరుకి వద్దాం. ఆ దుకాణం ఆయన మీద నాకు కోపం ఎందుకు రాలేదో అసలు కారణం అక్కడుంది.

లింగంపల్లిలో రైలెక్కితే శంకర్‌పల్లి, వికారాబాద్, తాండూరు. మన ఐటీ జనాలకి వికారాబాద్ అంటే అనంతగిరి, శని ఆదివారాలు, గుడారాలు. కానీ ఆ గుట్టల్లో ఓ విచిత్రం ఉంది. అక్కడ పుట్టిన మూసీ తూర్పుకి దొర్లి హైదరాబాద్ వచ్చి మన చేతిలో పాడవుతుంది. అదే గుట్టల్లో పుట్టిన కాగ్నా మాత్రం పడమటికి తిరిగి, తాండూరు పక్కనుంచి కర్ణాటకలోకి వెళ్ళి, ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధాని అయిన మల్ఖేడ్ కోటని ఒరుసుకుంటూ పోయి భీమా నదిలో కలుస్తుంది. అంటే తాండూరు నీళ్ళు హైదరాబాద్ వైపు చూడవు, గుల్బర్గా వైపు చూస్తాయి. రాయి కూడా అంతే.

మన ఇళ్ళల్లో మార్బుల్, గ్రానైట్, టైల్సు రాకముందు నేల మీద పరిచిన బండల్ని ఏమనేవాళ్ళు? షాబాద్ బండలు. హైదరాబాద్ పాతిళ్ళల్లో, స్కూలు వరండాల్లో, వంటింటి గట్టు మీద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద అవే. ఈ షాబాద్ ఎక్కడ అని మా టీములో అడిగితే నలుగురిలో ముగ్గురు "చేవెళ్ళ దాటాక ఉంటుందిగా, షాబాద్ మండలం" అన్నారు. అది వేరే షాబాద్. బండల షాబాద్ గుల్బర్గా పక్కన, వాడి జంక్షన్‌కి అవతల ఉన్న షాహాబాద్. ఆ పేరుతో హర్యానాలో ఒకటి, ఉత్తరప్రదేశ్‌లో ఒకటి ఉన్నాయి, బీహార్‌లో ఏకంగా జిల్లానే ఉండేది. నేమ్‌స్పేస్ లేకుండా పేర్లు పెడితే ఇలాగే ఉంటుంది.

బొంబాయి నుంచి మద్రాసు వెళ్ళే రైలు మార్గం 1871కి రాయచూరు దగ్గర కలిసింది. షాబాద్ స్టేషను ఆ లైను మీద ఉంది. నిజాం డబ్బుతో వాడి నుంచి సికింద్రాబాద్‌కి లైను పడింది 1874లో. తాండూరు, వికారాబాద్ ఈ రెండో లైను మీదవి. మూడేళ్ళ తేడాయే. కానీ పెద్ద లైను మీద, బొంబాయికి దగ్గరగా ఉన్నవాడికే పేరొచ్చింది. తర్వాత షాబాద్‌లో సిమెంటు ఫ్యాక్టరీ కూడా వచ్చి, 1936లో ఏసీసీ ఏర్పడినప్పుడు అందులో చేరింది. పేరు ఇంకా గట్టిపడింది. చివరికి భూగర్భ శాస్త్రవేత్తలు కూడా భీమా బేసిన్‌లో ఉన్న ఈ సున్నపురాతి పొరకి షాబాద్ ఫార్మేషన్ అనే పేరు పెట్టేశారు. తాండూరు కింద ఉన్నదీ ఆ పొరే. అంటే పుస్తకం ప్రకారం చూసినా తాండూరు బండ షాబాద్ బండే!

ఈ రాయి గొప్పతనం ఏమిటంటే దీన్ని కోయనక్కర్లేదు, విప్పితే చాలు. పాత పుస్తకంలో పేజీల్లాగా పొరలు పొరలుగా ఉంటుంది. పైన మట్టి తీసి, సందులో గడ్డపార పెట్టి లేపితే పలకలు పలకలుగా వస్తుంది. తాండూరులో రెండు రంగులు దొరుకుతాయి, బూడిద కలిసిన నీలం, పసుపు. గనిలోంచి లారీల్లో పాలిషింగ్ యూనిట్లకి వెళ్తుంది, అక్కడ అంచులు కోసి నీళ్ళు పోస్తూ అరగదీస్తారు. ఆ అరిగిన పొడి నీళ్ళతో కలిసి తెల్లటి బురదై, ఎండితే దుమ్మై, తాండూరు రోడ్ల పక్క చెట్లన్నిటికీ సున్నం వేస్తుంది. చిన్నప్పుడు అమ్మమ్మగారింటికి వెళ్తే మంచు పడిందనుకునేవాణ్ణి. అక్కడ బతికేవాళ్ళ ఊపిరితిత్తుల సంగతి అప్పుడు తెలీదు.

మా మామ పొలం చేసుకుంటూనే కొన్నాళ్ళు ఓ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాశాడు. పప్పు గొడవ చెప్పి, ఎవరైనా తాండూరు పేరు వాడుకుంటే మీకు మండదా మామా అని అడిగా. మామ నవ్వాడు.

"ఎట్ల మండుతది అల్లుడా? మేం రాసిన చలాన్లు సూస్తే నువ్వేమంటవో! అడిగేటోడు షాబాద్ బండ కావాలె అంటడు. గిది తాండూర్ది అంటే వద్దంటడు. షాబాద్ అని రాసి తోలితే ఖుషీగ తీసుకుంటడు. గదే లారీ, గదే రాయి."

అదీ నాకు కోపం రాకపోవడానికి కారణం. తరాల తరబడి పక్కూరి పేరుతో బండలు అమ్మిన ఊరి మనవణ్ణి నేను. ఇప్పుడు 'తాండూరు బ్లూ', 'తాండూరు ఎల్లో' అని సొంత పేరుతోనే విదేశాలకి వెళ్తున్నాయనుకోండి. కానీ పాత మేస్త్రీ నోట్లో ఇప్పటికీ షాబాదే.

అయితే మరి ఇది నకలేనా? కాపీ కొట్టారనే అనాలా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి, 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం చూసేదాకా. అందులో మూడో సెక్షన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కలవబోయే ప్రాంతాల జాబితా ఉంటుంది. హైదరాబాద్, మెదక్, నిజామాబాద్ అంటూ జిల్లాలన్నీ అయ్యాక, పక్క జిల్లాల నుంచి విడదీసి తెచ్చిన తాలూకాలు వస్తాయి. రాయచూరు జిల్లా నుంచి అలంపురం, గద్వాల. గుల్బర్గా జిల్లా నుంచి కొడంగల్, తాండూరు.

గుల్బర్గా జిల్లా నుంచి! 1956 అక్టోబరు 31 రాత్రి దాకా తాండూరూ షాబాదూ ఒకే జిల్లాలో ఉన్నాయి. ఒకే నిజాం, ఒకే సున్నపురాయి, బజార్లో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసిన ఒకే భాష. మర్నాడు తెల్లారేసరికి ఒకటి మైసూరు రాష్ట్రం, ఇంకోటి ఆంధ్రప్రదేశ్. ఆ తర్వాత తాండూరు హైదరాబాద్ జిల్లా అయింది, 1978లో రంగారెడ్డి జిల్లా అయింది, 2016లో వికారాబాద్ జిల్లా అయింది. ఊరు కదల్లేదు, జిల్లా మాత్రం మూడుసార్లు మారింది. జిల్లాలో బాగా పేరున్న చోటు పేరుతో సరుకు అమ్మడం దొంగతనం అవుతుందా? మాదాపూర్ కంపెనీవాడు ఫ్లయిటెక్కాక హైదరాబాద్ అని చెప్పుకోడూ? గీత తర్వాత వచ్చింది, పేరు ముందే ఉంది.

సరిగ్గా ఇదే గొడవ షాంపేన్‌లో జరిగి మనుషులు తగలబెట్టుకునే దాకా వెళ్ళింది. వంద ఏళ్ళ కిందట అక్కడి వ్యాపారులు బయటినుంచి చవక ద్రాక్ష తెప్పించి షాంపేన్ అని అమ్మేవాళ్ళు. రైతులు గోల చేస్తే, 1908లో ప్రభుత్వం షాంపేన్ అంటే ఇంతవరకే అని గీత గీసింది. ఆ గీతలో మార్న్ జిల్లా ఉంది, పక్కనున్న ఓబ్ జిల్లా లేదు. తమాషా ఏమిటంటే పూర్వం షాంపేన్ సంస్థానానికి రాజధాని అయిన త్రువా పట్నం ఉన్నది ఓబ్‌లోనే! రాజధాని ఉన్న జిల్లా పరాయిదైపోయింది. 1911 జనవరిలో మార్న్ రైతులు కల్తీ వ్యాపారుల గోదాముల మీద పడ్డారు. తర్వాత ఓబ్ రైతులు మమ్మల్నెందుకు తీసేశారని వీధులకెక్కారు. ప్రభుత్వం వాళ్ళకి భయపడి గీత చెరిపేద్దామని చూస్తే, ఏప్రిల్లో మార్న్ రైతులు మళ్ళీ లేచి ఆయీ అనే ఊళ్ళో ఇళ్ళూ గోదాములూ తగలబెట్టారు. చివరికి ఓబ్‌కి 'రెండో జోన్' అనే అవమానకరమైన పేరు ఇచ్చి సర్దారు. 1927లో గానీ పూర్తి షాంపేన్‌గా ఒప్పుకోలేదు. ఇవాళ ఓబ్ రైతు దర్జాగా షాంపేన్ రైతే. అంటే పంతొమ్మిదేళ్ళ పాటు అదే నేలలో అదే ద్రాక్ష పండిస్తూ ఆయన నకిలీ మనిషిగా బతికాడు.

మనం అంత దూరం పోలేదు, దండం. కానీ మనకీ గీతలు గీసే చట్టం వచ్చింది. భౌగోళిక గుర్తింపు చట్టం, 1999లో చేశారు, 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. డార్జిలింగ్ టీతో మొదలై పోచంపల్లి ఇక్కత్, హైదరాబాద్ హలీం, తిరుపతి లడ్డు, బంగినపల్లి మామిడి, అన్నీ వరసగా చేరాయి. 2019లో 'గుల్బర్గా తూర్ దాల్' చేరింది. 2022 డిసెంబరులో 'తాండూరు కంది' చేరింది. దీనికి దరఖాస్తు పెట్టింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. మా అమ్మ వైపు వాళ్ళే అని ఇంట్లో పండగ చేసుకున్నాం.

ఇప్పుడు ఈ రెంటి గొప్పతనం ఏమని రాశారో చూడండి. గుల్బర్గా కందికి ఆ రుచి అక్కడి సున్నం ఎక్కువున్న నల్లరేగడి వల్ల. తాండూరు కందికి ఆ రుచి, త్వరగా ఉడికే గుణం, నిలవుండే గుణం ఎందువల్ల? అక్కడి లోతైన నల్లరేగడి, అందులో అట్టపుల్గైట్ అనే బంకమట్టి, కింద సున్నపురాతి నిల్వలు. అదే బండ మళ్ళీ! పైన పప్పు, కింద రాయి. రాయికి మేం గుల్బర్గా వాళ్ళ పేరు వాడుకున్నాం, పప్పుకి ఎవరిది వాళ్ళం రిజిస్టరు చేసుకున్నాం. మధ్యలో ఉన్నది 1956 నాటి గీత. ఒకే రిపాజిటరీని ఫోర్క్ చేసి రెండు ప్రాడక్టులుగా అమ్ముతున్నట్టు ఉంది. దీన్ని నేను తప్పనడం లేదు. పక్కవాడు చేసుకున్నాక మనం చేసుకోకపోతే పదేళ్ళకి మన పప్పే నకిలీ అంటారు, ఓబ్ రైతుకి అయినట్టు.

నాకు నచ్చని సంగతి వేరే ఉంది. 1995 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో వైన్లకీ సారాయిలకీ ప్రత్యేక రక్ష ఉంది. 'షాంపేన్ లాంటిది', 'షాంపేన్ టైపు' అని నిజాయితీగా రాసినా తప్పే. పప్పులకీ బట్టలకీ ఆ భాగ్యం లేదు. కొనేవాడు మోసపోయాడని నిరూపించాలి. మన చట్టంలో ప్రభుత్వం తలుచుకుంటే కొన్ని సరుకులకి ఆ అదనపు రక్ష ఇవ్వచ్చు అని ఇరవై రెండో సెక్షన్ ఉంది. కానీ మామూలుగా చూస్తే 'తాండూరు రకం' అని అట్టముక్క మీద రాసుకున్న దుకాణం ఆయన మీద నేను కేసు గెలవాలంటే ఆరు విజిల్స్ సాక్ష్యం చెప్పాలి.

ఇంతా చేసి ఈ పేరు వల్ల వచ్చే నాలుగు రూపాయలు ఎవరికి చేరుతున్నాయి? మామకి నాలుగెకరాల కంది. జూన్‌లో వేస్తే జనవరికి చేతికొస్తుంది. బస్తాలు తాండూరు మార్కెట్ యార్డుకి వెళ్తాయి, ఆ రోజు రేటుకి పోతాయి. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 8,000 రూపాయలు. అది దేశంలో ఎక్కడి కందికైనా అంతే. "కొనేటప్పుడు తాండూర్ కంది మస్తుగుంటదంటరు. పైసల్ లెక్కబెట్టేటప్పుడు ఉత్త కంది అంటరు" అన్నాడు మామ. తాండూరు అనే మాట బస్తా యార్డు దాటాకే దాని మీద ఎక్కుతుంది. అక్కడినుంచి ఆ మాట ఎక్కడెక్కడ, ఎన్ని బస్తాల మీద ఎక్కుతుందో ఎవరికీ లెక్క లేదు. బర్మా నుంచీ మొజాంబిక్ నుంచీ కూడా మన దేశానికి కంది దిగుతుందన్న సంగతి గుర్తుంచుకుంటే, నా ఆరు విజిల్స్ పప్పు ఏ సముద్రం దాటి వచ్చిందో.

అసలు సంగతేమిటంటే, ఊరి పేరు రిజిస్టరైనంత మాత్రాన ఊళ్ళోవాడికి ఆటోమేటిగ్గా హక్కు రాదు. ఆ రిజిస్టరులో రెండు భాగాలుంటాయి. మొదటి దాంట్లో పేరు, రెండో దాంట్లో ఆ పేరు వాడుకునే అధికారం ఉన్న ఉత్పత్తిదారులు. టేబుల్ క్రియేట్ చేశారు గానీ యూజర్లని యాడ్ చేసుకోవడం ఎవరిది వాళ్ళే చెయ్యాలి. దీనికి వేరే ఫారం, చెన్నైలో ఆఫీసు. ఫీజు ఒకప్పుడు 500 ఉండేది, 2020లో పది రూపాయలకి తగ్గించారు. మామకి ఈ సంగతే తెలీదు. "ఊరు నాది, పొలం నాది, కంది నాది. పేరుకు మల్ల ఫారం ఎందుకు?" అన్నాడు. బగ్ రిపోర్టుకి నా దగ్గర జవాబు లేదు.

ఈ జనవరిలో వెళ్ళినప్పుడు ఫారం ప్రింటు తీసుకెళ్ళాను. మామ గోడలో బీరువా తెరిచి పాత ట్రంకుపెట్టె దింపి కాగితాలు పరిచాడు. కొత్త పట్టాదారు పాస్‌బుక్కులో వికారాబాద్ జిల్లా అని ఉంది. దాని కింద పాత పాస్‌బుక్కు, రంగారెడ్డి జిల్లా. ఆ కింద చేత్తో రాసిన పహాణీ నకళ్ళు, హైదరాబాద్ జిల్లా. అన్నిటికన్నా అడుగున నాలుగు మడతలు పెట్టిన గోధుమరంగు కాగితం, ఉర్దూలో ఉంది, తాత పేరు మీద. మాకెవరికీ చదవడం రాదు. పక్కింటి చాచాని పిలిచాం. ఆయన కళ్ళజోడు సవరించుకుని, వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. 1955 నాటిది. పొలం హద్దులు, శిస్తు, తాలూకా తాండూర్.

"జిల్లా?" అన్నాను.

"జిల్లా గుల్బర్గా" అన్నాడు చాచా.

మామ నా వైపు చూసి, ఫారం నా చేతికిచ్చి, "ఇంకో ఫారం గూడ తెచ్చినవా?" అని అడిగాడు.